పలకని గోడ

శుక్రవారం సంతలో ఆకుపొగాకు అమ్మే చోట అతను నన్ను చూసి ఆగాడు. కొండ మీది ఊళ్ళో డప్పు కొట్టే మనిషి, మేమంతా అప్పా అని పిలిచే ఆమెకి తమ్ముడు. ఎప్పుడు కనబడినా ముందు నవ్వి తర్వాత మాట్లాడేవాడు. ఆరోజు నవ్వలేదు.

"అప్ప ఎల్లిపోనాది బాబూ. మొన్న బుధవారం," అన్నాడు.

నేను అతని చెయ్యి పట్టుకున్నాను. అతను ఉంచనిచ్చాడు గానీ, చెప్పాల్సింది ఇంకా ఉన్నట్టు నా మొహంలోకి చూస్తూనే ఉన్నాడు.

"నీకో మాట సెప్పమన్నాది. ఎడం పక్క గోడ కింద బీట తీసినాదట. వానలు రాకముందే పూడ్సమన్నాది. పుట్టమన్నే ఎయ్యాలట. సిమెంటు ముట్టుకోవద్దన్నాది."

నిజం చెప్పాలంటే నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, కోపం. పోతూ పోతూ కూడా నాకు పని పురమాయించి పోవడమేమిటి? ఇంటికొచ్చి, నా స్టూడియో గదిలో ఎడమ స్పీకరు కింద ఉన్న బల్ల జరిపి చూశాను. బీట ఉంది. వెంట్రుకంత. ఆ గదిలో రోజూ కూర్చునేవాణ్ణి నేను. ఆమె వచ్చి వెళ్ళి రెండు నెలలయింది. అప్పుడు ఏడ్చాను.

ఆమె పేరు రాయను. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అందరికీ ఆమె అప్పే. నేను మైదానం నుంచి వచ్చినవాణ్ణయినా అప్పా అనే పిలిచాను. చిన్న మనిషి. కొప్పు ఓ పక్కకి ఉండేది. నిప్పున్న కొస లోపలికి పెట్టి కాల్చే అడ్డపొగ నోట్లో ఎప్పుడూ ఉండేది. అది నోట్లో ఉండగా అన్న మాటలు మామూలు మాటలు. చుట్ట బయటికి తీసి వేళ్ళ మధ్య పట్టుకుందంటే మాత్రం ఎదుటివాడు జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే ఆ తర్వాత బేరాలుండవు.

ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళు తాగకముందే గోడని తట్టేది. వేలి కణుపుతో రెండు దెబ్బలు, తర్వాత చెవి ఆనించడం. గోడ 'టంగు' మని పలికితే పచ్చిదని, పలక్కుండా దెబ్బని మింగేస్తే పండిందని ఆమె లెక్క. మా ఇంటికి కొత్తగా ఫ్రిజ్ వస్తే దాన్నీ తట్టింది. "పచ్చిది," అని పెదవి విరిచింది. ఆ కొండల్లో మట్టి గోడలు ఆడవాళ్ళందరూ మెత్తుతారు, అలుకుతారు. కానీ కట్టిన గోడ బీట తీస్తే పక్క ఊళ్ళవాళ్ళు కూడా ఆమె కోసమే కబురు పంపేవారు.

నాకూ ఆమెకీ ముడి పడింది ఒక పాడైపోయిన క్యాసెట్ వల్ల.

తొంభైల నడిమి సంవత్సరాలవి. నా భార్యది ఇక్కడి ఊరే, బళ్ళో టీచరు. నేను విశాఖపట్నంలో రికార్డింగు పని నేర్చుకుని, పెళ్ళయ్యాక వాళ్ళింటి వెనక గదిలో చిన్న స్టూడియో పెట్టాను. నాలుగు ట్రాకుల రికార్డరు, ఒక మిక్సరు, మూతపడ్డ స్టూడియో నుంచి తెచ్చుకున్న ఒక జత మానిటర్ స్పీకర్లు. చర్చి పాటలు, పెళ్ళి పాటలు రికార్డు చేసేవాణ్ణి. నా అసలు కోరిక మాత్రం థింసా. ఆ ఆట, ఆ పాట, ఆ డప్పు మంచి క్యాసెట్‌గా తేవాలని. ఒక శ్రావణమాసం ముసురులో కొండ మీది ఊరి వాళ్ళని కిందికి రప్పించి రికార్డు చేశాను. దసరాకి క్యాసెట్ సంతలోకి వచ్చింది.

అందులో డప్పు లేదు.

అంటే ఉంది, కానీ పక్క ఊళ్ళో ఎవరో పేడతట్ట తడుతున్నట్టు ఉంది. నా గదిలో వింటే మాత్రం గుండెలదిరేది. కొండ మీది ఊళ్ళో ఆ క్యాసెట్ వేసుకుని జనం ఒకటే నవ్వు. 'నీ డప్పు ఎలక కొరికేసినాదేటి' అని అప్ప తమ్ముణ్ణి ఆటపట్టించారట. అతను డప్పు తీసుకెళ్ళి అటక మీద పెట్టేశాడు. ఇక ముట్టనన్నాడు. దీపావళికీ దించలేదు, సంక్రాంతికీ దించలేదు.

అప్పుడు వచ్చింది ఆమె. గుమ్మంలోంచే గోడ తట్టి, లోపలికొచ్చి, క్యాసెట్ నా ముందు బల్ల మీద పెట్టింది. చుట్ట బయటికి తీసింది.

"నా తమ్ముడి డప్పు ఏటి సేసినావు బాబూ?"

"నేనేం చెయ్యలేదప్పా. ఈ గదిలో తేడా ఉంది."

"గదికేటి రోగం? నాను సూత్తే కదా తెలిసేది. సెప్పు."

చెప్పాను. డప్పులాంటి లోతైన మోత స్పీకరు డబ్బా ముందు నుంచే రాదు, డబ్బా చుట్టూ పాకి వెనక్కి కూడా పోతుంది. వెనక గోడకి కొట్టుకుని ఆలస్యంగా తిరిగొచ్చి అసలు దెబ్బ మీద పడుతుంది. నేను కూర్చునే చోట రెండూ కలిసి డప్పు ఉన్నదానికన్నా పెద్దగా వినబడుతుంది. ఎక్కువైపోయిందనుకుని నేను తగ్గించేస్తాను. బయట మామూలు టేప్‌రికార్డర్లో వేస్తే తగ్గించినదే మిగులుతుంది. ఇదంతా విని ఆవిడ తల ఊపుతుందనుకున్నాను. ఊపలేదు. నా స్పీకర్ల వెనక చెయ్యి పెట్టి, గోడకీ డబ్బాకీ మధ్య ఉన్న ఖాళీని జానతో కొలిచింది.

"మూడు రాళ్ళ మీద కుండ ఎడితే పొగ సుట్టూరా పారతాది. పొయ్యిలో దిగేసి, అంచుకి మట్టి మెత్తినావనుకో, పొగ ఎటెల్తాది?"

నేను నోరు తెరిచాను. పెద్ద స్టూడియోల్లో స్పీకర్లని గోడలోకి దించి, మొహం గోడతో సమానంగా ఉండేట్టు కడతారని నాకు తెలుసు. పత్రికలో బొమ్మ కూడా కత్తిరించి దాచుకున్నాను. అది మనవల్ల కాదని దాచుకున్నాను. ఆమెకి ఆ బొమ్మ చూపించాను. ఎటు పట్టుకోవాలో కూడా చూసుకోకుండా తలకిందులుగానే చూసి ఇచ్చేసింది.

"నాను కడతాను గోడ. సైత్రంలో ఇటుకల పండగొత్తాది. అప్పటికి ఆడి డప్పు దిగాలి. డప్పు లేకుండా ఊరు ఆడదు. పక్కూరోడి డప్పుకి నాను ఆడను."

నన్ను అడగనూ లేదు, నేను సరే అననూ లేదు. అంతే, తేలిపోయింది.

కోతలయిపోయాయి కాబట్టి గడ్డికి లోటు లేదు. పుట్టమన్ను తవ్వి తెచ్చి, నలిపి, నాలుక కొసకి అంటించుకుని చూసి, నచ్చనిది పారబోసేది. సామగడ్డి తరిగి వేసి, పేడ కలిపి, కాళ్ళతో తొక్కి, తొమ్మిది రోజులు పుల్లబెట్టింది. ఆ వాసనకి నా భార్య కిటికీలన్నీ తీసేది, ఆమె అన్నీ మూసేది. పాత గోడకి ముందు కొత్త గోడ. మూరెడు మందం, మూలలు రెండూ నా కుర్చీ వైపు తిరిగి ఉండాలి. మూరెడెత్తు కట్టడం, ఆరనివ్వడం, తట్టడం. పలికితే ఆరోజు పని లేదు. అప్ప వచ్చినట్టే వచ్చి, గోడ తట్టి, "పచ్చి" అని చెప్పి నాలుగు మైళ్ళు నడిచి కొండెక్కి వెళ్ళిపోయేది. పండగ దగ్గరికొస్తోందని నేను తొందరపెడితే ఒకే మాట.

"గోడకి బేగి పనికిరాదు బాబూ."

నేను టేపు పెట్టి కొలతలు తీస్తుంటే ఆమె ఓర్చుకోలేకపోయేది. రెండు స్పీకర్లకీ నా చెవికీ సమదూరం ఉండాలని చెప్పాను. అడ్డాకు తీగ నార పేనిన తాడు తెచ్చింది, కొత్త ఇంటికి ముగ్గు గుర్తులు పెట్టే తాడది. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దాని ఒక కొస నా ముక్కుకి ఆనించి పట్టుకోమంది. రెండో కొస పట్టుకుని ఎడమకీ కుడికీ నడిచి బొగ్గుతో రెండు గీతలు గీసింది. ఆ గీతల మధ్య అదే తాడు వేసి చూపించింది. మూడు పక్కలూ సమానం. నా టేపు లెక్క రెండు వేళ్ళు తప్పింది. ఆ సంగతి వారం రోజులపాటు మా ఆవిడకి చెబుతూనే ఉంది.

అసలు చిక్కు డబ్బాని గోడలో కూర్చోబెట్టడం దగ్గర వచ్చింది. డబ్బా గోడకి తగలకూడదు, తగిలితే గోడ కూడా వణుకుతుంది. కానీ చుట్టూ సందు ఉండకూడదు, ఉంటే శబ్దం అందులోకి దూరుతుంది. ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది.

"తగలకూడదు, సందుండకూడదు. అత్తనీ కోడల్నీ ఒకే వంటింట్లో ఎట్టమంటన్నావా?"

జీపు ట్యూబు రబ్బరు కోసి, మడతలు పెట్టి, డబ్బా కిందా పక్కలా ఇరికించి ఆ చిక్కు తీర్చాం. తీర్చాం అంటున్నాను, కోసింది నేను, ఇరికించింది ఆమె. నేను ఇరికించినవన్నీ పీకి మళ్ళీ ఇరికించింది. డబ్బా మొహానికీ గోడకీ ఒక్క నూలు తేడా కూడా ఉండొద్దని నేను పోరు పెట్టేవాణ్ణి. "కళ్ళు మూసుకుని చెయ్యి జరిపితే గోడ ఎక్కడ ఆగిందో, డబ్బా ఎక్కడ మొదలయిందో చేతికి తెలియకూడదప్పా" అని రోజుకి పదిసార్లు చెప్పేవాణ్ణి. ఆ మాట ఎంత గట్టిగా ఆమె బుర్రలోకి వెళ్ళిందో తర్వాత తెలిసింది.

ఒకే ఒక్క చోట నేను గట్టిగా ఎదిరించాను. రెండు స్పీకర్ల నడుమ దీపం గూడు పెడతానంది. స్టూడియో గోడలో గూడేమిటి, వద్దన్నాను. చుట్ట బయటికి తీసింది.

"గూడు లేకుండా నాను గోడ కట్టను. ముక్కు లేని మొగం సూసుకుంటూ ఏటి పని సేత్తావు?"

గూడు పెట్టింది.

ఫాల్గుణం చివర్లో గోడ పలకడం మానేసింది. ఆమె తట్టింది, నేను తట్టాను, మా ఆవిడ కూడా వచ్చి తట్టింది. దెబ్బ అలా మట్టిలోకి దిగి పోయింది. స్పీకర్లు బిగించి, యాంప్లిఫయరు బాగుచేయించుకు రావడానికి నేను విశాఖపట్నం వెళ్ళాను. రెండో రోజు మధ్యాహ్నం పాసింజరు దిగి ఇంటికొచ్చి గది తలుపు తీస్తే స్పీకర్లు లేవు.

ఎర్రటి గోడ. నున్నగా, తడిగా, ఈ మూల నుంచి ఆ మూల దాకా. దాని మీద బియ్యప్పిండి ముగ్గులు, నడుమ గూట్లో దీపం. దొంగలు ఎత్తుకుపోయి కన్నాలు పూడ్చిపోయారా అనిపించింది ఒక్క క్షణం. ఏ దొంగా ముగ్గు పెట్టడని తర్వాత తట్టింది.

"అప్పా!" అని నేను అరిచిన అరుపుకి పక్కింటి కోళ్ళు లేచిపోయాయి.

ఆమె చేతులు కడుక్కుంటూ పెరట్లోంచి వచ్చింది. మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు. పండగకి ముందు ఇంటి గోడలన్నీ అలకాలి, అది వాళ్ళ ఆచారం. గోడ పూర్తయింది కాబట్టి అలికింది.

"సెయ్యి జరిపి సూడు. తెలుత్తందేటి?"

"శబ్దం ఎక్కణ్ణుంచి వస్తుందప్పా!"

"మా ఇంట్లో కూకుంటే పక్కింటోడి డప్పు గోడలోంచి ఇనబడదా? అలాగే ఒత్తాది అనుకున్నాను. నువ్వే కదేటి సెయ్యికి తెలీకూడదన్నావు!"

మా ఆవిడ తలుపు వెనక్కి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుంది. నేను నేల మీద కూలబడ్డాను. మళ్ళీ అలాంటి స్పీకర్లు నా జన్మలో దొరకవు. పండగ ఇంక పన్నెండు రోజులు. నా ఏడుపు మొహం చూసి, తప్పు జరిగిందని ఆమెకి అప్పటికి అర్థమయింది. గోడ దగ్గరికి వెళ్ళి, గోటితో మట్టి మీద గుండ్రంగా గీసి, అంచు పట్టుకుని లాగింది. మట్టి పెచ్చు మొత్తం పళ్ళెంలా ఊడొచ్చింది. దాని అడుగున కుట్టిన అడ్డాకు విస్తరి ఉంది. విస్తరి కింద స్పీకరు, శుభ్రంగా, నన్ను చూస్తోంది.

"మొగం మీద మట్టి నేరుగా ఎవులైనా ఏత్తారేటి? ఆకు కప్పే ఏసినాను," అంది, కానీ ఆ గొంతులో పాత జోరు లేదు.

కుడిది చెక్కుచెదరలేదు. ఎడమదానికి పైనున్న ట్వీటరు, సన్నటి శబ్దాలు పలికే చిన్న గుమ్మటం, మట్టి అదిమినప్పుడు విస్తరి మీంచే నొక్కుకుపోయింది. దాని మీద బొటనవేలి గుర్తు. ఆమె తన బొటనవేలు పెట్టి చూసుకుంది. సరిపోయింది. ఆ సాయంత్రమంతా ఆమె చుట్ట ముట్టించలేదు. వినడానికి తేడా లేదని నేను ప్లే చేసి చూపించినా నమ్మలేదు. ముందు కుడిదాని దగ్గర, తర్వాత ఎడమదాని దగ్గర చెవి పెట్టి చాలాసేపు విని, "ఎడమది రవ్వంత సిగ్గుపడతన్నాది," అంది. అప్పుడు నేను నవ్వాను, ఆమె నవ్వలేదు.

మర్నాడు పొద్దున్న పాత టేపు వేశాను. గోడ లోపలి నుంచి ఆ పాట వచ్చింది. ముందూ వెనకా లేదు, గుయ్యిమనడం లేదు. ఇన్నాళ్ళూ నేను ఎంత తగ్గించానో తెలిసిపోయింది. డప్పు ట్రాకు మీట పైకి జరిపాను. డప్పు పెద్దదయింది. కానీ బాగుపడలేదు. ఎంత పెంచినా ఆ దెబ్బ తడిసిన గోనె సంచి మీద పడ్డట్టు 'డబ్‌ డబ్' మంటోంది.

ఒక సంగతి ఇంతవరకు చెప్పలేదు. చెప్పుకోవడానికి సిగ్గు. రికార్డింగు రోజు ముసురు పట్టింది. డప్పు కాగబెట్టుకోవడానికి కాస్త గడ్డి, నిప్పు కావాలని అతను అడిగాడు. లోపల మిషన్లున్నాయి, పొగ పనికిరాదన్నాను. గుమ్మం బయట కాచుకుంటానన్నాడు. టైము లేదు, తర్వాత మీటలతో నేను సరిచేస్తాలే అన్నాను. డప్పు తోలు నిప్పు సెగకి బిగుస్తుందని చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకూ తెలుసు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ తర్వాత ఆరు నెలలు నేను గదిని తిట్టుకున్నాను.

ఆమె గోడకి అరచెయ్యి ఆనించి నిలబడి ఉంది. గోడ వణకడం లేదని తలూపింది. తర్వాత నా వైపు తిరిగింది. నా మొహం చూసి ఏం గ్రహించిందో, "ఆణ్ని పిలుసుకొత్తాను," అని వెళ్ళిపోయింది. పొద్దు వాలేలోపు నాలుగు మైళ్ళు ఎక్కి, నాలుగు మైళ్ళు దిగి, తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చింది. అతను గడప దాటి లోపలికి రాలేదు. అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

టేపు వేశాను. అతను తల వంచుకుని విన్నాడు.

"అన్నా," అన్నాను, "ఆరోజు తోలు చల్లగా ఉంది. నువ్వు నిప్పు అడిగావు, నేనే ఇవ్వలేదు. నీ చెయ్యి తప్పు కాదు. తప్పు నాది."

అతను గడప మీద వేళ్ళతో రెండు దెబ్బలు వేశాడు.

"నోరు మూసి పాడమన్నట్టున్నాది బాబూ ఆరోజు నాకు," అన్నాడు. "కొట్టినాను. నువ్వు సరిసేత్తానన్నావు కదా అని కొట్టినాను."

ఆమె చుట్ట బయటికి తీసింది. మాకిద్దరికీ కలిపి చెప్పింది.

"గోడ ఉన్నదున్నట్టు సెప్పినాది. ఇంకేటి కూకున్నారు? బాబూ, నువ్వు నిప్పెయ్యి. ఒరే, నువ్వు ఎల్లి డప్పట్రా."

మర్నాడు మా గుమ్మంలో గడ్డిమంట వేసింది నేనే. పొగ గదిలోకి వచ్చింది, మిషన్లకేమీ కాలేదు. అతను డప్పు మంట మీద అటూ ఇటూ తిప్పి, వేళ్ళతో మీటి, ఇంకా కాదని తిప్పి, మళ్ళీ మీటాడు. ఆమె ఆ చివర గోడకానుకుని కళ్ళు మూసుకుంది. మొదటి దెబ్బ పడ్డప్పుడు ఆమె పాదం దానంతటదే నేలని తాకింది. నేను మీటల మీద చెయ్యి వెయ్యలేదు. ఆ పండక్కి కొండ మీది ఊళ్ళో అతనే కొట్టాడు, ఆమె మూడు రోజులు ఆడింది. నన్నూ లాగారు, అడుగు తప్పి పడ్డాను.

ఆ తర్వాత ఏటేటా పండక్కి ముందు పిలవకుండానే వచ్చేది. రెండు విస్తర్లు వెంట తెచ్చుకునేది. స్పీకర్ల మొహాలు కప్పి, వాటి చుట్టూ వేళ్ళతో గుండ్రంగా అలికి, ఆకులు తీసి, ఎడమదాని ముందు ఒక్క క్షణం నిలబడేది. ఈ ఏడు వచ్చినప్పుడు దగ్గు ఎక్కువగా ఉంది. నేను అలుకుతాను, నువ్వు కూర్చో అప్పా అంటే చుట్ట బయటికి తీసింది. నేను విస్తర్లు అందించాను. బీట అప్పుడే చూసి ఉంటుంది. మళ్ళీ వచ్చి పూడ్చుకుందామనుకుని ఉంటుంది.

సంత నుంచి వచ్చిన మర్నాడు పుట్టమన్ను తెచ్చాను. నాలుకకి అంటించి చూసుకున్నాను గానీ, మంచి మన్ను రుచేమిటో నాకు తెలియదు. తొమ్మిది రోజులు పుల్లబెట్టాను. మా ఆవిడ ఈసారి కిటికీలు తీయలేదు. విస్తర్లు కుట్టింది ఆవిడే. వాటితో రెండు మొహాలూ కప్పి, బీటలో మట్టి వేలితో కూరి, పైన అలికాను. మొదటిసారి చేసింది ఎండి ఊడిపోయింది. మళ్ళీ చేశాను. మూడోసారి నిలబడింది.

ఆరడానికి ఐదు రోజులు పట్టింది. తొందరపడలేదు. ఆరో రోజు వాన మొదలయింది. గదిలోకి వెళ్ళి, గూట్లో దీపం పెట్టి, ఎడమ పక్క గోడని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి, చెవి ఆనించాను.

పలకలేదు.